తొమ్మిది పళ్లెముల లెక్క

దయ్యములు లేవని చెప్పుట చదువుకొన్నవారి యిండ్లలో నేడు కష్టమైన పని కాదు. మేమును మా పిల్లలకు అట్లే చెప్పియున్నాము. చీకటి గదిలోనికి దీపము లేకుండ పంపి, ఏమియు లేదని చూపియున్నాము. అట్టి మా యింటికి గత మాసమున మిత్రు డొకడు జపానుదేశపు కొయ్యయచ్చు పటముల సంపుట మొకటి తెచ్చి యిచ్చెను. విప్పి చూతుము గదా, సగమునకు పైగా దయ్యములే! కాగితపు దీపములో నుండి నోరు తెరచిన స్త్రీ యొకతె. నూతిలో నుండి పామువలె లేచిన స్త్రీ యొకతె. దోమతెర పైనుండి లోనికి తొంగిచూచుచున్న అస్థిపంజర మొకటి. పిల్లల కంటబడకుండ బీరువాలో పెట్టుదమని మాకు మొదట తోచినది.

ఈలోపల మా మేనత్తగారు వచ్చి కూర్చుండి, నూతిలోని స్త్రీ పటమును చేతికి తీసికొని, దాని కథ యేమని యడిగిరి. మేము చెప్పితిమి. సామురాయి యను యోధవర్గమువాని యింట ఒకికు అను పనిపిల్ల యుండెను. ఆ యింట తరతరములుగా దాచుకొన్న పది పళ్లెములు కలవు. అందొకటి పోయినది. యజమాని ఆమెను హింసించి చంపి నూత పడవేసెను. నాటినుండి రాత్రివేళ నూతిలో నుండి ఆమె కంఠము వినబడును. ఒకటి, రెండు, మూడు అని పళ్లెములు లెక్కించును; తొమ్మిదివరకు వచ్చి, పదవది లేక, గోలున ఏడ్చి, మరల మొదటినుండి ప్రారంభించును.

మా మేనత్తగారు కొంతసేపు పటమువైపే చూచి, "ఆ పిల్ల నిజముగా పళ్లెము పగులగొట్టినదా, నాయనా?" అని యడిగిరి. మాకు సమాధానము తోచలేదు. దయ్య మున్నదా లేదా యని అడిగియుండిన చెప్పుటకు మేము సిద్ధముగానే యుంటిమి. ఆమె యది యడుగనే లేదు.

ఆ ప్రశ్న పట్టుకొనియే ఈ వ్యాసము వ్రాయుచున్నాము. అయితే ముందుగా ఆ పటములను గూర్చి కొంత చెప్పవలెను.

నూతిలోని స్త్రీ పటము వ్రాసినవాడు హొకుసాయి (1760-1849). పెద్ద కెరటము పైకి లేచి విరుగుటకు సిద్ధముగా నున్న పటమును మన చదువరులు అనేకులు గోడలమీదనో పుస్తకములలోనో చూచియుందురు, అదియు నాతనిదే. 1831 ప్రాంతమున ఆతడు "నూరు కథలు" అను పేర దయ్యముల పటములు కొన్ని వెలువరించెను. పేరు నూరైనను నేడు మనకు తెలిసినవి అయిదే. ఆ పేరు ఒక రాత్రిపూట ఆటనుబట్టి వచ్చినది. స్నేహితులు చేరి నూరు వత్తులు వెలిగించుకొని, ఒక్కొక్క దయ్యపుకథ కాగానే ఒక్కొక్క వత్తి నార్పుదురు. నూరవది ఆరినచో నిజమైన దయ్యము వచ్చునట! అందుచేత తెలివిగలవారు తొంబదితొమ్మిదవ కథతో ఆపి, తెల్లవారువరకు మేలుకొని కూర్చుండెడివారు. భయమునకు కూడ మనుష్యుడు కొలత పెట్టుకొనుట వింతయే.

ఈ పటములు రాజాస్థానములకై వ్రాసినవి కావు. చిత్రకారుడు పలుచని కాగితముపై గీసి యిచ్చును. చెక్కువాడు దానిని బోర్లించి చెర్రీ కొయ్య పలకకు అంటించి, గీత తప్పకుండ చెక్కును. మొదటి చిత్ర మా పనిలోనే నశించును. రంగునకొక పలక. అచ్చువాడు తడి కాగితము పలకపై పరచి, వెదురు పొర చుట్టిన బిళ్లతో రుద్ది తీయును. పెట్టుబడి ప్రచురణకర్తది, ప్రభుత్వపు తనిఖీదారుని ముద్ర లేనిదే అమ్మరాదు. 1842 ప్రాంతమున అధికారులు ఒక్క పటము వెల 16 మోను నాణెములకు మించరాదని కట్టడి చేసిరి. ఎదో నగరములో, అనగా నేటి టోక్యోలో, ఆ సొమ్ముతో వీధి యంగడిలో ఒక గిన్నెడు సోబా తినవచ్చును. కావున పళ్లెములు కడుగు పనిపిల్ల సయితము ఒకపూట తిండి మానుకొన్న యెడల ఒకికు పటమును కొనుక్కొనగలిగియుండెను. ఈ సంగతి మరువరాదని మా మనవి.

ఇక హొకుసాయి ఒకికును చూడుడు. దేహము లేదు, మెడయే పొడవుగా సాగి నూతినుండి లేచినది. ఆ మెడ పళ్లెములతో కూర్చబడినది. ఒకదానిపై నొకటి, జుట్టు వాని చుట్టును జారుచుండ, పాము పొలుసులవలె వంగియున్నవి. నోటినుండి సన్నని పొగవంటి యూపిరి వచ్చుచున్నది. ఆ ముఖమున కోపమేమైన కలదాయని మేము వెదకితిమి, కానరాలేదు. అర్ధరాత్రి దాటినను అంట్లపని తెమలని మనిషికుండెడి అలసట మాత్రము కలదు. ఏ వస్తువుకొరకు చంపబడినదో ఆ వస్తువే ఆమె శరీరమైనది.

ఇప్పుడు మా మేనత్తగారి ప్రశ్న. ఈ కథకు పాఠము లనేకములు. 1741 లో బొమ్మలాటగా ఆడిన పాఠము హిమేజి కోటను ఆశ్రయించి, సంస్థానమును కాజేయ జూచువారి కుట్రలో ఈ పనిపిల్లను బలిపెట్టును. మరికొన్ని చోట్ల యజమాని ఆమెను కామించి, ఆమె లొంగనందున తానే యొక పళ్లెమును దాచి నేరము మోపును. ఇంకొకచోట యజమానురాలే పగులగొట్టి పనిపిల్లపై నెట్టును. కొన్నిట మాత్రము ఒకికు చేయిజారియే పళ్లెము పగులును.

చదువరులు మొదటి పాఠములనే యిష్టపడుదురు. మేమును అట్లే యిష్టపడితిమి. నిర్దోషి కష్టపడుట చూచి కన్నీరు పెట్టుట సుఖము. కాని ధర్మసూక్ష్మమంతయు చివరి పాఠమునందే యున్నదని మాకు తోచుచున్నది. ఆమె పగులగొట్టినది, నిజమే. అయిన నేమి? ఒక పళ్లెమునకు ఒక ప్రాణమా? నూతిలో నుండి ఆమె "నేను చేయలేదు" అని అరచుట లేదు, లెక్క చెప్పుచున్నది. పది యుండవలసిన చోట తొమ్మిది కలవని యామె యొప్పుకొనుచున్నది. ఆ లెక్కకు యజమాని వేసిన వెల యెంతయో వినువారినే చూచుకొనుమనుచున్నది.

ఇచ్చట మా యింటి సంగతి యొకటి చెప్పక తప్పదు. రెండేండ్ల క్రిందట మా యింట పనిచేయు పిల్ల చేతినుండి పింగాణీ గిన్నె యొకటి జారి పగిలినది. ఆ నెల జీతములో దాని వెల తగ్గించి యిచ్చినది మేమే. తిట్టలేదు, కొట్టలేదు, న్యాయముగా లెక్క చూచితిమని తలచి యానాడు సుఖముగా నిద్రపోతిమి. గిన్నె వెల మాకు ఒక పుస్తకపు వెల. ఆమెకు నాలుగు దినముల కూలి. మా మేనత్తగారు అప్పుడు వంటయింటి గడపలో కూర్చుండి చూచుచుండిరి, ఏమియు ననలేదు. ఇప్పు డడిగిన ప్రశ్న అప్పుడే అడుగవలసినదేమో, లేక ఇన్నాళ్లు దాచియుంచి యిప్పు డడిగిరేమో, మాకు తెలియదు, మేము విచారింపనులేదు.

జపానుదేశపు దయ్యపు పటములలో స్త్రీలే యెక్కువ. కారణము వెదకుటకు దూరము పోనక్కరలేదు. 1825 లో నాలుగవ త్సురుయ నన్‌బొకు అను నాటకకర్త ఎదోలో ఒక నాటకము నాడించెను. అందు ఇయెమొన్ అను కొలువులేని సామురాయి, ఒఇవ యను భార్య. ప్రసవమై మంచమునంటియున్న ఆమెకు పొరుగింటి ధనికులు మందని విషము పంపుదురు. వారి మనుమరాలు ఇయెమొన్‌ను వలచినది. ఒఇవ ముఖము వాచి వికృతమగును; దువ్వుకొన్నకొలది జుట్టు ఊడివచ్చును. భర్త డబ్బునకై యింటిలోని దోమతెరను సయితము, పసిబిడ్డ యుండగనే, ఆమె చేతులలోనుండి లాగికొని కుదువకు తీసికొనిపోవును. ఆమె మరణించును. అతడు శవమును, తాను చంపిన పనివాని శవమును, ఒకే తలుపుపలకకు చెరియొకప్రక్క మేకులు కొట్టి యేట విడుచును. నాటినుండి అతడు చూచిన చోటనెల్ల ఒఇవ ముఖమే. హొకుసాయి పటములో ఆ కాగితపు దీపము ఆమెయే. దీపపు చినిగిన మడతయే ఆమె నోరు.

ఈ నాటకమును మొదట ఆడినపు డొక విశేషము జరిగినది. దీనిని వేరుగా ఆడలేదు. నలువదియేడుగురు సామురాయిలు తమ ప్రభువు మరణమునకు పగ తీర్చుకొన్న సుప్రసిద్ధ నాటకముతో కలిపి, రెండు దినములకు పంచి, రంగములు మార్చి మార్చి యాడిరి. ఇయెమొన్ ఆ ప్రభువు కొలువులోని వాడే. ప్రేక్షకులు ఒక రంగమున ప్రభువునకై పగబూనిన వీరులను చూచిరి; తరువాతి రంగమున ఒఇవను చూచిరి. ప్రభువు చచ్చిన నలువదియేడుగురు కత్తి దూసిరి. భార్య చచ్చిన కత్తి దూయువాడెవడు? ఆమె భర్తయే హంతకుడు. తండ్రిని అంతకు ముందే అతడు చంపినాడు. ధర్మశాస్త్రమునందు గాని, రాజు కొలువునందు గాని, వీరుల పట్టికయందు గాని ఆమె తరపున నిలుచువాడు లేడు. అందుచేత ఆమెయే తిరిగి రావలసివచ్చెను.

ఇంతవరకు చదివిన వారిలో కొందరు, "తలుపు వేసి వెళ్లగొట్టిన దయ్యములను మీరు కిటికీ తెరచి పిలుచుచున్నారే" యని యాక్షేపింపవచ్చును. ఆ యాక్షేపణ తేలికది కాదు. చచ్చిన తరువాత న్యాయము జరుగునను నమ్మకము బ్రదికియున్నవాని చేతులు కట్టివేయదా? ఒకికు కథ వినుచు కన్నీరు పెట్టిన యజమానురాలు మరునాడు తన పనిపిల్లను కొట్టక మానెనా? ఈ పటములు చేసిన మేలును తూచు త్రాసు మాయొద్ద లేదు. మరియు దయ్యము తీర్చు న్యాయము గ్రుడ్డిది. పెండ్లిరాత్రి ఇయెమొన్ క్రొత్త పెండ్లికూతురి ముసుగు తీసి, అచ్చట ఒఇవ ముఖము కనబడగా, కత్తితో తల నరకును. తెగిపడినది ఆ చిన్నదాని తల. విషము పంపినవారు పెద్దలు. ఆ చిన్నది కోరినది పెండ్లి. అట్టి తీర్పును ఏ న్యాయస్థానమున నైనను మనము మెచ్చుకొందుమా? ఇంకొక దోషమును దాచము: స్త్రీ బాధను నయనానందముగా చేసి అమ్ముటయు ఈ వర్తకములో కలదు. ఊడిన జుట్టును చూచి యొడలు గగుర్పొడుచుటకు డబ్బిచ్చువారందరు ఆమె పక్షమువారు కారు.

అయినను పాలకులు ఈ పటములను చూచి యేల జంకిరి? నిజముగా ఇవి చేతులు కట్టివేయునవే యైన, వారు సంతోషింపవలసినది గదా. 1843 లో కునియొషి యను చిత్రకారుడు మూడు కాగితములు చేర్చిన పట మొకటి వెలువరించెను. పూర్వకాలపు సేనాపతి రాయికో జబ్బుతో పండుకొనియుండును. ఆతని వెనుక పెద్ద సాలెపురుగు భూతము తన వల పరచుచుండును. నలుగురు భటులు కాపలా కూర్చుండి, వారిలో ఇద్దరు పలకయాట యాడుకొనుచుందురు. పై భాగమంతయు చీకటిలో చిత్రవిచిత్రములైన పిశాచముల సేన. కథ పాతది, అందరెరిగినది. కాని ఆ సంవత్సరములలో మంత్రి మిజునొ తదకుని సంస్కరణల పేర నిషేధములపై నిషేధములు విధించుచుండెను. నాటకశాలలను ఊరి చివరకు తరిమిరి, నటుల పటములు, వేశ్యల పటములు అచ్చువేయరాదనిరి, లాటరీలు మాన్పిరి, స్త్రీలకు సిగలు ముడిచి పొట్టపోసికొను స్త్రీల వృత్తి నిషేధించిరి. జనులు పటము కొని, దీపము దగ్గర పెట్టుకొని, ఒక్కొక్క పిశాచమును ఒక్కొక్క జీవనము పోయిన వృత్తివానిగా గుర్తుపట్టసాగిరి. నిద్రించు సేనాపతి షోగునట! ఒక భటుని బట్టలమీది చిహ్నము మంత్రి వంశచిహ్నమట! పటము విపరీతముగా అమ్ముడుపోయినది. ప్రచురణకర్త భయపడి మిగిలినవి వెనుకకు తెప్పించి, పలకలను చిత్రికపట్టించెను. చిత్రకారుడు మాత్రము తాను పాతకథయే గీసితిననగల స్థితిలో నుండెను. నోరు మూయబడిన జనులకు దయ్యము మంచి ముసుగు.

కునియొషి దయ్యములలో మరియొకటి. సకుర సంస్థానములో సోగొరో యను గ్రామపెద్ద పన్నుల భారము భరింపలేని రైతుల తరపున షోగునునకే విన్నపము సమర్పించెననియు, అధికారులను దాటి విన్నవించిన నేరమునకు 1653 లో అతనిని, అతని భార్యను కొయ్యకు కొట్టించి, బిడ్డలను నరికించిరనియు జనులు చెప్పుకొందురు. ఆ సంస్థానపు ప్రభువు హొట్టా మసనొబు 1660 లో సంస్థానమును పోగొట్టుకొనెను. చరిత్రకారులు దానికి వేరు కారణములు చూపుదురు. రైతులకు మాత్రము సోగొరో యన్న ఒక్క కారణమే చాలినది. 1851 లో ఈ కథను, కాలమును పేర్లను మార్చి, ఎదోలో నాటకమాడిరి. నాలుగవ ఇచికవ కొదాన్జి యను నటుడు నాయకుడు. ప్రభువు మందిరములో రైతు దయ్యము నిలిచిన పటమును కునియొషి గీసెను. చినిగిన బట్టలతో ప్రభువు గదిలో, అనుమతి లేకుండ, ఎదురుగా నిలుచుట బ్రదికియున్న రైతునకు సాధ్యమా? ఆ నిలుచుటకే వానిని చంపిరి.

ఇక మావంటివారి సంగతికి వత్తుము. జపానులో కూడ మావంటివారు పుట్టిరి. వారిలో అగ్రగణ్యుడు ఇనొఉఎ ఎన్ర్యో (1858-1919). బౌద్ధాలయమున పుట్టి, తత్త్వశాస్త్రము చదివి, 1887 లో ఒక తత్త్వపాఠశాల స్థాపించెను. అదియే నేటి తోయో విశ్వవిద్యాలయము. దయ్యములను శాస్త్రదృష్టితో పరీక్షించుటకే తన యాయువులో పెద్దభాగము వ్యయపరచెను. బల్లమీద చేతులుంచి దయ్యమును పిలుచు ఆట దేశమంతట ప్రబలగా, బల్లను కదల్చునది కూర్చున్నవారి కండరములే యనియు, ఎదురుచూచు మనస్సు తనకు తెలియకయే చేతులను నడపుననియు చూపెను. దయ్యపు కథలలో చాలభాగము మోసము, పొరపాటు, మనోభ్రమ యని తేల్చి, ఇవన్నియు తొలగించిన పిదప మిగులు నిజమైన ఆశ్చర్యము ఈ విశ్వమే యనెను. 1904 లో టోక్యోలో తత్త్వమందిరము కట్టించి, దాని ద్వారమునకు దేవాలయములలో నుండు ద్వారపాలకులకు బదులు ఒకప్రక్క తెంగు అను భూతమును, ఒకప్రక్క దయ్యపు స్త్రీని నిలిపెను. ఆ మహాశయునికి నమస్కరించుచున్నాము. ఆతడు కాదన్న దానిని మేమును కాదనుచున్నాము. కాని ఆ ద్వారముకడ నిలిచిన స్త్రీ కేమి కావలెనో యను ప్రశ్న ఆతని పట్టికలలో చేరలేదు.

ఆ లోపము ఎచ్చటికి దారితీయునో ఒక యుదాహరణము చూపెదము. 1916 లో ఒకమొతో కిదో యను నాటకకర్త ఒకికు కథను నవీనరీతిని వ్రాసెను. అందు దయ్యము లేదు. యజమాని యువకుడు, అందగాడు, ఒకికును ప్రేమించినాడు. అతని ప్రేమను పరీక్షించుటకు ఆమె కావలయుననియే పళ్లెమును పగులగొట్టును. పొరపాటని తలచి అతడు క్షమించును. తనను శంకించి చేసినదని తెలిసిన పిమ్మట మిగిలిన పళ్లెములనుగూడ పగులగొట్టి, ఆమెను చంపి, నూత వేయును. నాటకము రసవంతము, సందేహము లేదు. మూఢవిశ్వాస మొక్కటియు లేదు. కాని చూడుడు, దయ్యముతోపాటు లెక్కయు పోయినది. హంతకుడు నాయకుడైనాడు, వాని మనోవ్యథకు మనము కంట తడిపెట్టుదుము. నూతిలోని ఆమె యింక నోరు మెదపదు.

మేము కోరునది దయ్యము తిరిగి రావలెనని కాదు. ఆ లెక్క మన చేతికి రావలెనని. ఈ కోరికయందును ఒక చిక్కు కలదు. ఒకికు కథ ముగింపులలో నొకదానియందు ఎవరో యొకరు (ఒకచోట సన్న్యాసి, మరియొకచోట ఇరుగుపొరుగువాడు) నూతికడ పొంచియుండి, ఆమె తొమ్మిది యనగానే "పది!" యని బిగ్గరగా పలుకును. అంతట ఆమె శాంతించి, మరల రాదట. ఇది దయయా, మోసమా? పళ్లెము దొరకలేదు, యజమానిని ఎవరును అడుగలేదు, నూయి పూడ్చలేదు. ఒక్క మాటతో ఊరివారికి నిద్ర దొరికినది. మేము రెండు దినము లాలోచించితిమి. మొదటి దినమున ఆ సన్న్యాసి కరుణామయుడని తోచెను: ఎవరును పూరింపని లెక్కను తాను పూరించినాడు. రెండవ దినమున మా గిన్నె జ్ఞప్తికి వచ్చెను. తగ్గించిన జీతము మేము తిరిగి యియ్యలేదు. పండుగనాడు ఆ పిల్లకు పాత చీర యొకటి యిచ్చి, "పది" యని యనుకొంటిమి.

ఆ పిల్ల యిప్పుడు వేరొక యింట పనిచేయుచున్నది. ఆ నాలుగు దినముల కూలి పంపుదమన్న, ఏ పేరు పెట్టి పంపవలెనో ఇంకను నిశ్చయించుకొనలేదు. మా మేనత్తగారిని అడిగితిమి. "గిన్నె డబ్బని చెప్పి పంపు, వేరే పేరు పెట్టకు" అనిరి.

సంపుటమును బీరువాలో పెట్టలేదు, పిల్లలు చూచుచున్నారు. వారి కెక్కువ నచ్చినది ఒకికు కథయొక్క హాస్యరూపము. జపానులో ఒక్కడే కూర్చుండి పలుకంఠములతో కథ చెప్పు రకుగొ యను విద్య కలదు. అందు ఈ కథ యిట్లు నడచును. ఒకికు చాల అందగత్తె యని విని, ఊరి పడుచువాండ్రు రాత్రిరాత్రి నూతికడకు పోయి చూచుచుందురు. తొమ్మిది యను మాట వినినవాడు చచ్చును గనుక, ఆరు కాగానే లేచి పరుగెత్తుదురు. గుంపు దినదినము పెరుగును. ఒకనాడు జనసమ్మర్దమువలన పరుగెత్తుటకు సందులేక చిక్కుకొందురు. ఆమె తొమ్మిది యనును, ఎవరును చావరు. ఆమె యాగదు: పది, పదునొకండు, పండ్రెండు... పదునెనిమిదివరకు లెక్కించి ముగించును. తొమ్మిదియే గదా, పదునెనిమిదివరకు ఏల లెక్కించితివని యొకడు కేక వేయగా, రేపు తనకు సెలవు కావలెననియు, అందుచేత రేపటి లెక్క కూడ ఈ రాత్రియే చెప్పితిననియు ఆమె యుత్తర మిచ్చును.